రిమార్కుల గడిలో ఏం రాయాలి?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. ముప్ఫయ్యేడేళ్ళ సర్వీసులో నేను చేసిందల్లా ఇతరుల మాటలను అందుకోవడం, పంపడం. 1972లో టెలిగ్రాఫిస్టుగా చేరి 2009లో రిటైరయ్యాను. మాట లెక్కపెట్టి డబ్బు పుచ్చుకునే శాఖలో పనిచేసినవాణ్ణి కనుక క్లుప్తంగా ముగిస్తానని కార్యదర్శిగారికి మాట ఇచ్చాను. ఇస్తున్నప్పుడే అనుమానంగా ఉంది.

వికలాంగులైన పిల్లలకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. రూలు చదివి వినిపించాలంటే అయిదు నిమిషాలు చాలు. అయితే ఆ రూలు తెలిసి కూడా నేను పన్నెండేళ్ళ పాటు కాగితం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పకుండా రూలు ఒక్కటే చెప్తే మీరూ విని, జేబులో పెట్టుకుని, నాలాగే ఊరుకుంటారు. అందుచేత ముందు ఇంటి సంగతి చెప్పనివ్వండి.

మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి 1977లో పుట్టింది. పురుడు మా అత్తవారి ఊళ్ళో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద జరిగింది. తల్లీ పిల్లా క్షేమం. అబ్బాయి 1980 జూలైలో పుట్టాడు. వాణ్ణి ఇంట్లో బుజ్జి అంటాం. నలభై అయిదేళ్ళు దాటాయి, ఇప్పటికీ బుజ్జే.

1980 అనగానే మీలో కొందరికి ఆ ఏడు ఫిబ్రవరి 16న వచ్చిన సూర్యగ్రహణం గుర్తుకు రావాలి. శనివారం, మధ్యాహ్నం మూడు దాటాక. మన రాష్ట్రంలో కొన్నిచోట్ల సంపూర్ణ గ్రహణం. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి రంగాపూర్ వేధశాలకు ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వచ్చారు. మా రాజమండ్రిలో పూర్తిగా పట్టలేదు గాని ఎండ మసకబారి, వీధిలో మనిషి అలికిడి లేదు. మా ఆవిడకు అప్పుడు నాలుగో నెల. మా అమ్మ ఆవిణ్ణి గదిలో పడుకోబెట్టి, కదలవద్దు, దేన్నీ కోయవద్దు, గిల్లవద్దు అని చెప్పి తలుపు వేసింది. లోపల మూడేళ్ళ పిల్ల ఆకలని ఏడిస్తే, ఈవిడ లేచి ఒక కమలాపండు ఒలిచి పెట్టింది. తొక్కలు మంచం కింద దొరికాయి. అప్పుడెవరూ ఏమీ అనలేదు.

బుజ్జి పట్నంలో ఒక నర్సింగ్‌హోంలో పుట్టాడు. పుట్టగానే కెవ్వున ఏడ్చాడు, చక్కటి బరువు. సాయంత్రానికి మొహం పచ్చబడింది. "పసికామెర్లు, అందరు పిల్లలకూ వస్తాయి, ఎండలో పడుకోబెట్టండి" అన్నారు. జూలై నెల, గోదావరి జిల్లాలో ముసురు. ఎండెక్కడిది? ఎవరో పసరు నాకించమన్నారు, ఎవరో తల్లిని పథ్యం చెయ్యమన్నారు. నాకు వరసగా నైట్ డ్యూటీలు. మూడో రోజు పొద్దున వచ్చి చూస్తే వాడి అరికాళ్ళు కూడా పసుపు రాసినట్టున్నాయి. నాలుగో రోజుకు పాలు తాగడం మానేశాడు. మెడ వెనక్కి వాల్చి, ఒళ్ళంతా విల్లులా వంచి, సన్నగా కీచుమని ఏడ్చేవాడు. వారం పోయాక పచ్చదనం తగ్గింది. గండం గడిచిందనుకున్నాం. అమ్మవారికి మొక్కు కూడా తీర్చాం.

ఆరో నెలకు మెడ నిలవలేదు. ఏడాదికి కూర్చోలేదు. ఏదైనా అందుకోబోతే చెయ్యి ఒకవైపు, మొహం ఒకవైపు మెలి తిరిగిపోయేవి. అదే పిల్లవాడు నిద్రలో ఏ వంకరా లేకుండా ఎంత నిమ్మళంగా ఉండేవాడో! మా ఆవిడ పని మానుకుని, వాడు నిద్రపోతుంటే చూస్తూ కూర్చునేది.

అప్పుడు కమలాపండు తొక్కల మాట పైకి వచ్చింది. మా అమ్మ అంది. తర్వాత చుట్టాలన్నారు. ఆ తర్వాత పాలు పోసే మనిషి కూడా అంది. మా అమ్మ చెడ్డది కాదు, మనవణ్ణి ఒడిలోంచి దించేది కాదు. అయినా నెలకోసారైనా ఆ పండు సంగతి ఎత్తేది. ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో నేను ఒక్కసారి కూడా "ఊరుకో అమ్మా" అనలేదు. నమ్మానా అంటే పూర్తిగా నమ్మలేదు. నమ్మలేదా అంటే, ఎవరిదో ఒకరిది తప్పు కావాలి కదా, నాది కాకపోతే చాలు అనిపించేది. ఇది చెప్పడానికే ఇవాళ నాకు కష్టంగా ఉంది. మా ఆవిడ 2019లో పోయింది. ఆవిడ ఉండగా చెప్పవలసింది.

1986లో హైదరాబాదులో ఒక పిల్లల డాక్టరుగారికి చూపించాం. ఆయన బుజ్జిని తాకకముందే నోరు తెరిపించి పళ్ళు చూశారు. పాలపళ్ళ మీద ఆకుపచ్చ మరకలు. చూపుడు వేలు పైకెత్తి చూడమన్నారు. వాడు తల ఎత్తాడు గాని కళ్ళు పైకి వెళ్ళలేదు. వెనకనుంచి సన్నటి గంట మోగిస్తే వాడికి వినబడలేదు, లావు గొంతుతో పిలిస్తే తిరిగాడు. అప్పుడు మా ఆవిణ్ణి రెండు ప్రశ్నలు అడిగారు. "పుట్టిన ఎన్నో రోజున పచ్చబడ్డాడమ్మా? మీ రక్తం గ్రూపు ఏమిటి?"

మొదటిదానికి జవాబు ఉంది. రెండోది మాకు తెలియదు. పరీక్ష చేయిస్తే ఆవిడది బి నెగెటివ్, నాది బి పాజిటివ్.

ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. రక్తంలో ఎ, బి, ఓ గ్రూపులు కాక ఆర్‌హెచ్ అని మరొకటి ఉంటుంది. ల్యాండ్‌స్టైనర్, వీనర్ అనే ఇద్దరు 1940లో దాన్ని బయటపెట్టారు. అది ఉన్నవాళ్ళు పాజిటివ్, లేనివాళ్ళు నెగెటివ్. మన దేశంలో నెగెటివ్‌లు నూటికి సుమారు అయిదుగురు. తల్లి నెగెటివ్ అయి, తండ్రినుంచి బిడ్డకు పాజిటివ్ వస్తే, మొదటి కాన్పుకు సాధారణంగా ఏమీ కాదు. కాని ఆ కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుని, ఎదుర్కొనే పదార్థాలు తయారుచేసి ఉంచుకుంటుంది. రెండోసారి పాజిటివ్ బిడ్డ కడుపులో పడితే అవి మాయ దాటి వెళ్ళి బిడ్డ ఎర్ర కణాలను విరగ్గొడతాయి. విరిగిన కణాలనుంచి బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పుడుతుంది. పసిబిడ్డ కాలేయం దాన్ని వదిలించుకోలేదు. అది మితిమీరితే మెదడులోకి దిగుతుంది. అక్కడ కదలికలను అదుపులో పెట్టే కేంద్రాల మీద, వినికిడి నరం మీద దెబ్బ కొడుతుంది. ఆలోచించే భాగం చాలామందిలో చెడకుండా ఉంటుంది.

"మీవాడి తెలివికి ఏమీ కాలేదు. అతనికి అన్నీ తెలుస్తున్నాయి" అన్నారాయన. ఆరేళ్ళుగా మేం వాడి ఎదురుగా కూర్చుని, వాడికేం తెలుసులే అని మాట్లాడిన మాటలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మా ఆవిడ వేరే మాట అడిగింది. "గ్రహణానికి కాదా అండీ?" అంది. ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆయన నవ్వలేదు, "కాదమ్మా" అన్నారు. ఆవిడ కుర్చీలోనే కూర్చుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. కాంపౌండరు తర్వాతి పేరు పిలిస్తే డాక్టరుగారు చేతితో ఆగమన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దీనికి అడ్డుకట్ట 1968నుంచీ ఉంది. యాంటీ-డి అనే ఇంజెక్షన్. పాజిటివ్ బిడ్డను కన్న నెగెటివ్ తల్లికి కాన్పయిన 72 గంటల లోపల ఇస్తే, ఆ గుర్తుపెట్టుకోవడమనేది జరగదు, రెండో బిడ్డకు ప్రమాదం తప్పుతుంది. ఇప్పుడు ఏడో నెలలో, 28 వారాలకు కూడా ఒకటి ఇస్తున్నారు. గర్భం పోయినప్పుడు కూడా అడగాలి. ఇంగ్లండులో లివర్‌పూల్ డాక్టర్లు, అమెరికాలో న్యూయార్కు డాక్టర్లు దీన్ని సాధించారు. ఆ మందును మనుషుల రక్తంనుంచే తీస్తారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన రక్తంలో ఆ గుణం పుష్కలంగా ఉండేది. ఆయన 81వ ఏట, 2018లో, వయసు నిబంధన వల్ల ఆపేవరకు 1173 సార్లు దానం చేశారు. 2025లో పోయారు. మన పెన్షనర్ల లెక్కలో చెప్పాలంటే, అది మన సర్వీసు కన్నా పొడుగు సర్వీసు.

పుట్టాక కూడా దారి ఉంది. మొదటి 24 గంటల్లోనే పచ్చబడితే అది మామూలు పసికామెర్లు కావు. వెంటనే రక్తపరీక్ష చేసి, నీలి దీపాల కింద పెడతారు. మరీ ఎక్కువైతే రక్తం మారుస్తారు. ఆ దీపాల వైద్యానికి మూలం ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1950లలో ఒక నర్సు గమనించిన విషయం. ఎండ తగిలిన చోట బిడ్డ ఒంట్లో పచ్చదనం తగ్గి, దుప్పటి కప్పిన చోట మిగిలిపోయిందట. ఎండలో పెట్టమనే మన పెద్దల మాటలో కొంత నిజం లేకపోలేదు. ముసురులో దాన్ని నమ్ముకుని నాలుగు రోజులు కూర్చోవడమే మా దురదృష్టం. ఆనాడు ఆ నర్సింగ్‌హోంలో ఎవరైనా పిల్లవాడి అరికాళ్ళు చూసి ఉంటే బాగుండేది. నేనైనా అడిగి ఉంటే బాగుండేది.

హైదరాబాదునుంచి వచ్చేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మా ఆవిడ రాత్రంతా మాట్లాడలేదు. తెల్లవారుతుండగా, "చెల్లెలిది కూడా ఏ గ్రూపో" అంది. మా మరదలికి అప్పటికి పెళ్ళయి ఆర్నెల్లు. పరీక్ష చేయిస్తే బి నెగెటివ్. మరుసటి ఏడు, 1987లో, ఆ అమ్మాయికి మొదటి కాన్పు. ఆడపిల్ల, పాజిటివ్. ఇంజెక్షన్ మా ఊళ్ళో దొరకలేదు. పక్క పట్నాల్లోనూ లేదు. చల్లగా ఉంచవలసిన మందు, 72 గంటల గడువు.

ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. హైదరాబాదు సర్క్యూట్ మీద అటువైపు కూర్చున్నది నాకు చేతివాటం బట్టి మాత్రమే తెలిసిన మనిషి. మొహం ఎప్పుడూ చూడలేదు. టెలిగ్రాఫిస్టులకు ఒకరి చెయ్యి ఒకరు గుర్తుపట్టడం మామూలే. ట్రాఫిక్ తగ్గాక సంగతి చెప్పాను. సర్వీసు లైను మీద సొంత మాటలు పంపకూడదు. మెమో ఇస్తే తీసుకుందామనుకున్నాను. ఆయన మర్నాడు నాలుగు మందుల షాపులు తిరిగి, తన డబ్బు పెట్టి కొని, థర్మాస్ ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య పెట్టి, గోదావరి ఎక్కుతున్న ఒక తెలిసినాయన చేతికిచ్చారు. తెల్లవారుజామున రాజమండ్రి స్టేషన్లో నేను ఆ ఫ్లాస్కు అందుకున్నాను. అప్పటికి 50 గంటలు అయ్యాయి. మా మరదలికి తర్వాత ఒక కొడుకు. పచ్చబడలేదు, వంకర పోలేదు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఫ్లాస్కు పంపిన ఆయన ఈ హాల్లోనే మూడో వరసలో ఉన్నారు. పేరు చెప్పవద్దని కన్నుసైగ చేస్తున్నారు, చెప్పను. డబ్బు మాత్రం తిరిగి ఇచ్చేశానని మనవి.

బుజ్జికి వచ్చినదాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. అది ఒక్క జబ్బు పేరు కాదు. ఎదుగుతున్న మెదడుకు కడుపులోగాని, కాన్పులోగాని, పసితనంలోగాని తగిలిన దెబ్బ వల్ల కదలికలు చెడితే, కారణం ఏదైనా ఆ పేరే. విలియం లిటిల్ అనే ఇంగ్లీషు సర్జను 1861లో కష్టమైన కాన్పులే దీనికి మూలమని రాశాడు. 1897లో మరొక డాక్టరు, కాన్పు కష్టం కావడం కూడా అంతకుముందే కడుపులో వచ్చిన లోపానికి ఫలితం కావచ్చు కదా అన్నాడు. ఆ డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్. మనస్తత్వ శాస్త్రంతో పేరు రాకముందు ఆయన నరాల డాక్టరు. నెలలు నిండకుండా పుట్టడం, తల్లికి ఇన్ఫెక్షన్లు, మెదడుకు రక్తం అందకపోవడం, మావాడికి వచ్చినట్టు కామెర్లు, ఎన్నో కారణాలు. చాలామందిలో ఇదమిత్థమని తేలదు కూడా. ఆ దెబ్బ పెరిగేది కాదు, తగ్గేదీ కాదు. వ్యాయామం, శిక్షణ, సరైన కుర్చీ, ఇవే వైద్యం. నయం చేస్తామన్న వాళ్ళకు నేను సమర్పించుకున్న డబ్బు లెక్క చెబితే మీరు నవ్వుతారు.

ఇక వాడి మాట. వాడి నోటివెంట వచ్చేవి మాకు తప్ప ఎవరికీ అర్థం కాని పది పదిహేను శబ్దాలు. మనసులో ఎన్నో ఉన్నాయని డాక్టరు చెప్పాక ఎలా తెలుసుకోవడం? చేతులు మాట వినవు. ఒళ్ళంతటిలో ఎడమ మడమ ఒక్కటే కొంచెం అదుపులో ఉండేది. నాకు తెలిసిన విద్య ఒక్కటే. వెడల్పాటి చెక్కకు స్ప్రింగు బిగించి, లావు శబ్దం చేసే బజరు ఒకటి కలిపి మంచం చివర పెట్టాను. మడమతో కాసేపు నొక్కితే చుక్క, ఎక్కువసేపు నొక్కితే గీత. చదువు చెప్పడానికి రోజూ డ్యూటీ దిగాక గంట. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు, మనం టెలిగ్రాములు పంపినట్టే. నాకు డిపార్టుమెంటు శిక్షణలో నెలలు పట్టింది. వాడికి రెండేళ్ళు పట్టింది. వాడు పదకొండో ఏట, 1991లో, ఎవరూ అడక్కుండా మొదటిసారి పంపిన సందేశం రెండు మాటలు. రసం వద్దు.

వాడికి రసం అన్నం ఇష్టమని పదేళ్ళుగా మా అమ్మ రోజూ రెండు పూటలా అదే పెట్టేది. మింగడానికి తేలికగా ఉంటుందని మేమూ సరే అన్నాం. మా అమ్మ ఆ సంగతి విని మొదట కోపం తెచ్చుకుంది, తర్వాత వంటింట్లోకి వెళ్ళి పప్పు మెత్తగా మెదిపి తెచ్చింది. ఆ రోజునుంచి ఆవిడ గ్రహణం మాట ఎత్తలేదు. ఎందుకో నాకు తెలియదు.

మన టెలిగ్రాము 2013 జూలైలో పోయింది. మావాడి టెలిగ్రాఫు నడుస్తోంది. 2018లో గూగుల్ వాళ్ళు తమ ఫోను కీబోర్డులో మోర్స్ పెట్టారు. ఆ పనిలో టానియా ఫిన్లేసన్ అనే ఆవిడ కూడా ఉన్నారు. ఆవిడా సెరిబ్రల్ పాల్సీతో పుట్టినావిడే. మా మేనల్లుడు ఆ చెక్కకూ ఫోనుకూ వైరు కలిపి ఇచ్చాడు. ఇప్పుడు బుజ్జి నాకు మెసేజీలు పెడతాడు, పక్క గదిలోంచి. ఎక్కువ భాగం క్రికెట్టు మీద విమర్శలు.

పుట్టుకతో వచ్చేవన్నీ ఇటువంటివి కావు. డౌన్ సిండ్రోము ఉంది. ఒక క్రోమోజోము ఎక్కువ ఉండటం వల్ల వస్తుంది, 1959లో కనిపెట్టారు. అందులో తల్లిదండ్రులు చేసింది, చేయనిది ఏమీ లేదు. థైరాయిడ్ గ్రంథి లేకుండానో, సరిగా పనిచేయకుండానో పుట్టే పిల్లలున్నారు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమనుంచి రక్తం చుక్క తీసి పరీక్షిస్తే తెలుస్తుంది, రెండు వారాల లోపల మాత్ర మొదలుపెడితే మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. అయొడిన్ చాలకపోయినా ఇదే గతి. మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో డాక్టరీ చదివిన ఉలిమిరి రామలింగస్వామిగారు 1956నుంచి కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పు పంచి గాయిటర్ తగ్గుతుందని రుజువు చేశారు. మన వంటింటి ఉప్పు పొట్లం వెనక ఆయన శ్రమ ఉంది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్ళు, చెవులు, గుండె దెబ్బతింటాయి, దానికి టీకా ఉంది. వెన్నుపాము మూసుకోక పుట్టడాన్ని చాలావరకు ఆపడానికి ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉంది, నెల తప్పకముందునుంచే మింగాలి. మేనరికాల వల్ల కొన్ని వంశపారంపర్య జబ్బులకు అవకాశం పెరుగుతుందన్నదీ నిజమే. మాది మేనరికం కాదు. అయినా అదీ అన్నారు, అనేవాళ్ళకేం. ఇక్కడ కూర్చున్న తాతలూ అమ్మమ్మలూ మనవరాలి సీమంతానికి వెళ్ళినప్పుడు గాజులతో పాటు రక్తం గ్రూపు కాగితం కూడా అడగండి.

ఇప్పుడు పెన్షన్ సంగతి.

2009లో నేను రిటైరవుతున్నప్పుడు కుటుంబ సభ్యుల వివరాల ఫారం నింపాను. పేరు, పుట్టిన తేదీ, బంధుత్వం, చివర రిమార్కుల గడి. బల్ల చుట్టూ తోటివాళ్ళు నలుగురైదుగురు నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. సెక్షన్ గుమస్తా, "మీ అబ్బాయి పేరు పక్కన ఏమైనా రాయాలా సార్?" అన్నాడు. అతనికి తెలుసు, మర్యాదగా అడిగాడు. నేను "అక్కర్లేదు" అన్నాను. అంతే. ఇంట్లో వాడితో మోర్స్‌లో మాట్లాడే తండ్రిని, ఆఫీసులో వాడి పేరు పక్కన ఒక్క మాట రాయలేకపోయాను. మా ఆవిడ ఉంది కదా, చూసుకుంటుంది కదా అనుకున్నాను. నాకన్నా ముందు ఆవిడ పోయింది.

అప్పుడు భయం వేసింది. నేను పోతే మా అమ్మాయి వాణ్ణి చూసుకుంటుంది, అందులో సందేహం లేదు. కాని వాడు అక్క మీద, బావగారి మీద ఆధారపడి తినాలా, తన డబ్బుతో అక్క ఇంట్లో ఉండాలా? రెండింటికీ తేడా ఉంది. 2021లో కాగితాలు పెట్టాను.

రూలు ఇది. కేంద్ర ప్రభుత్వ పెన్షనరు, ఆ తర్వాత భార్యగాని భర్తగాని పోయాక, పాతికేళ్ళ లోపు పిల్లలు లేకపోతే, సంపాదించుకోలేనంతటి శారీరక, మానసిక వైకల్యం ఉన్న సంతానానికి వయసుతో నిమిత్తం లేకుండా జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. పెళ్ళయినా పోదు. 2021 ఫిబ్రవరిలో ఆదాయం షరతు సడలించారు. ఆ బిడ్డకు ఇతరత్రా వచ్చే ఆదాయం, తనకు రావలసిన మామూలు రేటు ఫ్యామిలీ పెన్షన్, దాని మీద డి.ఆర్. కలిపిన మొత్తం కన్నా తక్కువైతే చాలు. మామూలు రేటంటే చివరి జీతంలో 30 శాతం. వైకల్యం శాశ్వతమని వైద్యాధికారులు రాస్తే సర్టిఫికెట్ ఒక్కసారే, తాత్కాలికమైతే అయిదేళ్ళకోసారి. ముఖ్యమైన మాట ఏమిటంటే, మనం బతికి ఉండగానే ఆ బిడ్డ పేరు పి.పి.ఓ.లో చేర్పించుకోవచ్చు. మనం పోయాక అన్నదమ్ములు మన సర్వీసు కాగితాలు వెతుక్కుంటూ తిరగడం ఎంత అవస్థో మన సంఘం ఆఫీసులో కూర్చునేవాళ్ళకు తెలుసు. రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసినవాళ్ళకు 1980 రివైజ్డ్ పెన్షన్ రూల్సు వర్తిస్తాయి. వాటిలోనూ ఈ సౌకర్యం ఉంది, షరతులు మాత్రం వేరు. మీ ట్రెజరీలో కనుక్కోండి.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలైతే పెన్షన్ వారి తరఫున తీసుకునే మనిషిని మనమే నామినేట్ చేయవచ్చు. అలా చేసి ఉంటే కోర్టునుంచి గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మనకూడదని కేంద్రం బ్యాంకులకు చెప్పింది. నామినేషన్ లేకపోతే 1999నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి, కలెక్టరుగారి అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ గార్డియన్ను నియమిస్తుంది. ఆ ట్రస్టువారి నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా వైద్య బీమా కూడా ఉంది.

మావాడికి గార్డియన్ అవసరం లేదు. వాడికి తెలివి ఉంది, వాడి పేరనే ఖాతా తెరవాలి. ఒక బ్యాంకుకు చక్రాల కుర్చీలో తీసుకువెళ్ళాను. కౌంటరులో ఉన్నాయన అరగంటసేపు నాతోనే మాట్లాడాడు. "ఇతనికి తెలుస్తుందా? సంతకం ఎలా? కోర్టు కాగితం తెచ్చారా?" సంతకం చేయలేనివాళ్ళ విషయంలో రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. వేలిముద్రగాని, కాలివేలి ముద్రగాని వేయించి, ఇద్దరు సాక్షులు, వారిలో ఒకరు బ్యాంకు అధికారి, గుర్తిస్తే చాలు. ఆ కాగితం నకలు నా సంచిలో ఉంది. మూడోసారి వెళ్ళినప్పుడు పని అయింది. ఎడమ కాలి బొటనవేలి ముద్ర. మొదటి రోజు ఇంటికి వచ్చాక బుజ్జి ఫోనులో రాశాడు, "ఆయన నా పేరు నన్ను అడగలేదు నాన్నా" అని. నేను కూడా ఆయనకు ఆ మాట చెప్పలేదని అప్పుడు తట్టింది. రెండోసారి వెళ్ళినప్పుడు, "అతన్నే అడగండి, టైము పడుతుంది, ఉంటాం" అన్నాను.

పి.పి.ఓ.లో వాడి పేరు, పక్కన వైకల్యం వివరం పడి నాలుగేళ్ళు కావస్తోంది. ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నాడు, పంపాను. వాడు దాన్ని చూసి స్పెల్లింగు సరిగానే ఉందని జవాబిచ్చాడు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, మాట తప్పినందుకు క్షమించాలి. మన సభ్యుల్లో ఇటువంటి పిల్లలున్న ఇళ్ళు నాకు తెలిసినవే నాలుగున్నాయి. ఎవరో చెప్పను, మీరూ అందరి ముందు చెప్పనక్కర్లేదు. ఫారాల నకళ్ళు ఇరవై తీయించి తెచ్చాను. భోజనాల తర్వాత వెనక తలుపు పక్కన, కూజాలు పెట్టిన బల్ల దగ్గర ఉంటాను. పి.పి.ఓ. నంబరు గుర్తుంటే చాలు, మిగతాది కూర్చుని నింపుదాం. రిమార్కుల గడిలో ఏం రాయాలో అక్కడ చెబుతాను.